కదిలే చుక్కలన్నీ సూక్ష్మజీవులు కావు

పైన పెట్టిన వీడియో చూసి ఇది చదివితే ఇంకా బాగా అర్థమవుతుంది.

ఈమధ్య ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా మైక్రోస్కోప్ వీడియోలే. చుక్కలు గిలగిలా కదులుతుంటాయి. కింద "మా ద్రావణంలో కోట్ల సూక్ష్మజీవులు" అని రాసుంటుంది. ఆ కింద ఫోన్ నంబరు, లీటరు రేటు. నేనూ పండించింది అమ్ముకునేవాణ్ణే, కాబట్టి అమ్మకాన్ని తప్పుపట్టను. కానీ కొలత లేని, పోలిక లేని ఆ వీడియోని సాక్ష్యం అనొద్దు. అది ప్రకటన, అంతే.

ముందు ఆ కదలిక సంగతి చూద్దాం. నీళ్లలో ఒక మైక్రాన్ సైజు మట్టి రేణువు వేసినా అది ఉన్నచోటే వణుకుతూ ఉంటుంది. నీటి అణువులు అన్ని వైపుల నుంచీ దాన్ని కొడుతుంటాయి కాబట్టి ఆ వణుకు. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని గమనించాడు. ప్రాణం లేని రేణువులు కూడా ఇలాగే ఆడతాయని ఆయనే చూశాడు. మన జీవామృతంలో పేడ, పిండి, గట్టు మట్టి ఉన్నాయి కదా, అలాంటి రేణువులకు కొదవేముంది? ఈదే బ్యాక్టీరియా అయితే ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుంది, దారి మార్చుకుంటుంది. చుక్కలన్నీ ఒకే వైపు కొట్టుకుపోతుంటే అది కవర్ స్లిప్ కింద నీటి పారుదల. అనుమానం ఉంటే అదే ద్రావణం కొంచెం మరగబెట్టి, చల్లార్చి మళ్లీ చూడండి. అప్పటికీ ఆడుతున్నవి రేణువులే.

ఇక కెమెరా. నన్ను ఎక్కువమంది అడిగేది "తమ్ముడూ, ఎన్ని మెగాపిక్సెల్ కొనాలి?" అని. అన్నా, ముందు ఆబ్జెక్టివ్ లెన్స్ మీద రాసింది చదవండి. 40/0.65 అని ఉంటుంది. 40 అంటే ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో చెప్పే అంకె. 0.65 అంటే ఎంత సన్నటి వివరం విడదీయగలదో చెప్పే అంకె. ఈ లెన్స్ సుమారు అర మైక్రాన్ దాకా విడదీస్తుంది. కెమెరాకి 0.5 అడాప్టర్ తగిలిస్తే సెన్సర్ మీద బొమ్మ 20 రెట్లు, అంటే ఆ అర మైక్రాన్ 10 మైక్రాన్లవుతుంది. కెమెరా పిక్సెల్ రెండు మూడు మైక్రాన్లుంటే చాలు, ఆ వివరం మొత్తం అందుతుంది. 5 మెగాపిక్సెల్ కెమెరా ఈ పని చేస్తుంది. 16 మెగాపిక్సెల్ పెట్టినా లెన్స్ చూడనిది కెమెరా చూడదు, ఫైలు బరువే పెరుగుతుంది. మిగిలిన డబ్బు మంచి ఆబ్జెక్టివ్ మీద పెట్టండి. "1000 రెట్లు" అని పెట్టె మీద రాసి అమ్మే పెన్నులాంటి యూఎస్‌బీ మైక్రోస్కోపులు ఆకు మీది పురుగు గుడ్లకు పనికొస్తాయి, బ్యాక్టీరియాకు పనికిరావు.

చేతిలో ఫోన్ ఉంటే ఐపీస్‌కి హోల్డర్ బిగించినా సరిపోతుంది. కాకపోతే ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయాలి. కెమెరా అయితే ఆటో ఎక్స్‌పోజర్ ఆపి, స్లైడ్‌లో ఖాళీ చోట వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోవాలి. లేదంటే రెండు శాంపిళ్లలో ఏది చిక్కగా ఉందో పోల్చలేం. షార్పెన్ ఫిల్టర్ జోలికి పోవద్దు, లేని అంచులు పుట్టిస్తుంది. అసలు ఫైలు టిఫ్‌లో దాచుకోండి. వాట్సాప్‌లో పంపితే నలిగిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో తయారైన ఇమేజ్‌జే ఉచితం. స్టేజ్ మైక్రోమీటర్ అనే గీతల స్లైడ్ ఒకటి కొనండి. అందులో ఒక మిల్లీమీటరుని 100 భాగాలు చేసుంటారు, ఒక్కో భాగం 10 మైక్రాన్లు. దాన్ని ఫొటో తీసి, ఇమేజ్‌జేలో ఆ గీతల మధ్య లైను గీసి, సెట్ స్కేల్‌లో కొలత చెప్పండి. తర్వాత ప్రతి ఫొటో మీదా స్కేల్ బార్ వేసుకోవచ్చు. ఆబ్జెక్టివ్ మార్చినా, కెమెరా రిజల్యూషన్ మార్చినా, ఫోన్‌లో జూమ్ చేసినా మళ్లీ కొలవాలి.

ఇంత చేసినా ఫొటో చెప్పలేని మాట ఒకటుంది. కడ్డీ ఆకారం కనబడగానే "ఇది అజోటోబాక్టర్" అనేస్తున్నారు. ఆకారాన్ని బట్టి పేరు పెట్టలేం. దానికి ల్యాబులో పెంచి చూడాలి, లేదా డీఎన్ఏ పరీక్ష చేయాలి. మన నెల్లూరు తీరంలో రొయ్యల గుంటలోళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. మొప్పల మీద పట్టిన పరాన్నజీవుల్ని మైక్రోస్కోప్‌లో చూస్తారు, తెల్లమచ్చ వైరస్‌కి మాత్రం పీసీఆర్ చేయిస్తారు. లక్షలు గుంటలో పోసినవాడు కదిలే చుక్కలు చూసి నమ్మడు. వరి మడికి ఆ జాగ్రత్త అక్కర్లేదా?

మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని ఊరూరా తీసుకెళ్తోంది. బయటి శాస్త్రవేత్తలు మన పొలాలకొచ్చి చూస్తున్నారు. ఒక్క బూటకపు వీడియో దొరికితే చాలు, నిజాయితీగా చేసేవాళ్ల మాట కూడా కొట్టిపారేస్తారు. పైగా ఆ వీడియో నమ్మి సీసాలు కొనేది చిన్న రైతే. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పిండి, గుప్పెడు మట్టి, 200 లీటర్ల నీళ్లతో ఇంట్లో అయ్యేదానికి బయట డబ్బు పోస్తాడు.

అందుకే ఇకమీద ఎవరు వీడియో పెట్టినా ఈ ఐదూ అడగండి: ఏ శాంపిల్, ఏ రోజుది? ఎంత నీళ్లు కలిపారు? ఏ ఆబ్జెక్టివ్? స్కేల్ బార్ ఏది? మరగబెట్టిన శాంపిల్ పక్కన చూపించారా? జవాబు చెప్పేవాళ్ల దగ్గర నేర్చుకుందాం. చెప్పనివాళ్ల సీసా వాళ్ల దగ్గరే ఉండనిద్దాం.