మనా అంటే మన వాళ్ళే

మొన్న క్లాసులో ఒక కుర్రాడు లేచి అడిగాడు: "సార్, కులం హిందూ మతంలోంచి వచ్చిందంటారు కదా, మరి ఆఫ్రికాలో ఎందుకుంది?" తెలుసుకుందామని అడిగాడో, ఇరికిద్దామని అడిగాడో! ఎలా అడిగినా జవాబు ఒకటే. ఈ భాగం ఆ కుర్రాడికి.

ఇథియోపియా దక్షిణాన జింకా అని చిన్న పట్టణం ఉంది. దక్షిణ ఓమో జోన్‌కి చాలాకాలం అదే కేంద్రం. శనివారం సంతకి ఆరి, ముర్సి, బన్నా, ఇంకా ఎన్నో తెగల వాళ్ళు దిగుతారు. పర్యాటకుల కెమెరాలన్నీ పెదవికి పళ్ళెం పెట్టుకున్న ముర్సి స్త్రీల మీదే. పక్కన కుండలమ్ముకునే ఆరి స్త్రీ ఎవరికి కనబడుతుంది?

ఆరిలలో సేద్యం చేసేవాళ్ళు కంత్సా. కుండలు చేసేవాళ్ళు, ఇనుము కొట్టేవాళ్ళు మనా. ఒకటే భాష, అవే కొండలు. కానీ కంత్సాలు సంప్రదాయంగా మనాలతో పెళ్ళి చేసుకోరు, కలిసి తినరు, మైల అంటారు. మనా చేసిన కుండ కావాలి, మనా మాత్రం అక్కర్లేదు. చదువుతుంటే మా తాత గుర్తొచ్చాడు. ఆయన డప్పు మోగందే మా ఊరి జాతర మొదలయ్యేది కాదు. గుడి మెట్టు మాత్రం ఆయన ఎక్కకూడదు.

కమ్మరి మనాలు వేరే జాతి అని చాలాకాలం కొందరు పండితులు చెప్పారు. 2015లో వచ్చిన జన్యు పరిశోధన ఇద్దరి పూర్వీకులూ ఒకటేనని తేల్చింది. వెలివేసి, పెళ్ళిళ్ళు ఆపేశాకే తేడా వచ్చింది. 1916లో కొలంబియాలో పాతికేళ్ళ అంబేడ్కర్ చెప్పిందీ ఇదే కదా: కులానికి కీలకం కులంలోనే పెళ్ళి.

కాబట్టి తమ్ముడూ, కులం అక్కడా ఉంది. అయితే అక్కడ మనుస్మృతి లేదు. ఇక్కడ వెలిని ధర్మమని రాసి, దేవుడి చేత సంతకం పెట్టించారు. పక్కూళ్ళో జ్వరం ఉందని మనింట్లో మందు మానేస్తామా?

ఇంకో మాట. 2001లో డర్బన్ సదస్సులో కులం గురించి మాట్లాడదామంటే మన ప్రభుత్వం అది మా ఇంటి విషయం అని అడ్డుపడింది. జింకా సంతలో కుండలమ్మే ఆమెది ఎవరి ఇంటి విషయం? పుట్టుకను బట్టి వెలివేయడం ప్రపంచం విషయం. 2002లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ కూడా వంశం ఆధారంగా చూపే వివక్షలో కులాన్ని చేర్చింది.

ఆఫ్రికాలో కూడా ఉందిగా అని ఎవరైనా మన నోరు మూయించబోతే, ఉంది, అక్కడున్నదీ మన వాళ్ళే అని చెప్పండి. జై భీమ్.