నిద్ర బాకీకి నడుమే వడ్డీ

రాత్రి రెండు గంటలకు ఆకలి వేయదు, తినాలనిపిస్తుంది. ఈ రెంటికీ తేడా తెలియడానికి నాకు ఆరేళ్ల నైట్ డ్యూటీ, 11 కిలోల అదనపు బరువు పట్టాయి.

ఈ వారపత్రికకు రాకముందు నేను ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. అర్ధరాత్రి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. పేజీలు ప్రెస్‌కు వెళ్లాక నాంపల్లిలో బండి దగ్గర వెన్న దోశ. ఇంటికొస్తే అమ్మ, ‘‘రాత్రంతా మేలుకున్నావు, నాలుగు ఇడ్లీలు తిని పడుకోరా’’ అనేది. పడుకున్న నాలుగు గంటలకే కుక్కర్ కూతలు, కాలింగ్ బెల్లు.

డాక్టరు తక్కువ తిని ఎక్కువ నడవమన్నారు. మధ్యాహ్నం భోజనం మానేశాను. డ్యూటీ దిగి నేరుగా జిమ్‌కు వెళ్లాను. మూడు నెలల్లో రెండు కిలోలు తగ్గి, నాలుగో నెలలో మూడు కిలోలు పెరిగాను. జిమ్ కోసం నేను తెగ్గోసింది నిద్రనేనని అప్పటికి తట్టలేదు.

షికాగో యూనివర్సిటీ పరిశోధకులు 2004లో 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పదేసి గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే, కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. అక్కడే 2010లో జరిగిన మరో అధ్యయనంలో పది మందికి తిండి ఒకేలా తగ్గించి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు పడకపై ఉండనిచ్చారు. బరువు రెండుసార్లూ దాదాపు ఒకేలా తగ్గింది. కానీ నిద్ర తగ్గినప్పుడు కరిగిన కొవ్వు 55 శాతం తక్కువ. పోయిందంతా ఎక్కువగా కండే.

తినే వేళ సంగతీ ఇంతే. శరీరంలోని గడియారం పనితీరును వివరించిన ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ దక్కింది. 2021లో అమెరికాలో 19 మందిని నైట్ డ్యూటీ చేసేవారిలా మేలుకోబెట్టి చూశారు. రాత్రిపూట కూడా తిన్నవారి రక్తంలో చక్కెర సగటున 6.4 శాతం పెరిగింది. మేలుకున్నా పగలే తిన్నవారిలో ఆ పెరుగుదల లేదు.

అందుకే నేను వరుస మార్చాను. ముందు నిద్ర: కిటికీకి మందపాటి తెర, ఫోను పక్క గదిలో, పగలు ఏడు గంటలు. ప్రధాన భోజనం రాత్రి ఎనిమిది లోపే. అర్ధరాత్రి నుంచి ఐదింటి దాకా మంచినీళ్లు, మజ్జిగ. మరీ అవసరమైతే గుప్పెడు శనగ గుగ్గిళ్లు. చాయ్‌లో చక్కెర బంద్. కప్పుకు రెండు చెంచాల చొప్పున ఐదు కప్పులంటే 40 గ్రాములు. రోజంతటికీ 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. నడక సాయంత్రం నిద్ర లేచాక. ఎనిమిది నెలల్లో ఏడు కిలోలు తగ్గాయి. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా రాత్రి తిండి మానకూడదు.

నాకు గది ఉంది, తలుపు ఉంది. ఒక్క గదిలో పిల్లలతో ఉంటూ 12 గంటల డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డుకు పగటి చీకటి ఎక్కడ దొరుకుతుంది? ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి పనిచేసే నర్సుకు ఏ గడియారం నిలుస్తుంది? వారిని తిండి తగ్గించమనడం తేలిక. రోస్టరు ముందుగా ఇచ్చి, షిఫ్టుకు షిఫ్టుకు మధ్య నిద్రకు సరిపడా వ్యవధి ఉంచడం యాజమాన్యం చేతిలోని పని.

పెద్ద ఫ్యాక్టరీలో క్యాంటీన్ ఉండాలని 1948 నాటి చట్టమే చెప్పింది. కార్మికుల సంఖ్య 250 దాటితే తప్పనిసరి అన్న ఆ పరిమితిని 2020 నాటి వృత్తి భద్రత కోడ్ వందకు దించింది. అయితే తెల్లవారుజామున మూడింటికి ఆ క్యాంటీన్‌లో పఫ్‌లు, సమోసాలే మిగిలితే ఉండి ఏం లాభం? సంఘాలు జీతంతో పాటు రోస్టరునూ, రాత్రి మెనూనూ చర్చకు పెట్టాలి. నిద్ర బాకీ పడుతున్నది పని కోసం. దాని వడ్డీని ఉద్యోగి ఒక్కడే నడుము మీద మోయడం న్యాయం కాదు.