అలవాటు మార్చుకొననివారి ధైర్యము

మార్పునకు వెరచువానికి నేడు ఎల్లెడల దొరకుచున్న ఔషధ మొక్కటే: దినచర్యలో చిన్న చిన్న సవరణలు చేసికొనుము, అరగంట ముందు లెమ్ము, నడచు దారి మార్చుము, ఇట్లు కొంచెము కొంచెముగా అభ్యసించిన మనస్సు పెద్ద మార్పు వచ్చినప్పుడు బెదరదట. వినుటకు ఇంపుగానున్న యీ సిద్ధాంతము పశ్చిమబెంగాలునందలి ఖరగ్‌పూరు రైలుపట్టణమున, తెలుగువారుండు నిమ్‌పురా వీధులలో నిలువదు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూరును జంక్షనుగాను, వర్కుషాపునకు నెలవుగాను చేసికొన్న పిమ్మట, నేటి శ్రీకాకుళ, విజయనగర, విశాఖ ప్రాంతములనుండి వచ్చి ఖలాసీలుగా, గ్యాంగుమన్లుగా, యార్డు కూలీలుగా చేరినవారు ఏ సవరణ నభ్యసించి రైలెక్కిరి? వానలతోను కోతలతోను కాలమును లెక్కించినవాడు, భాష తెలియని దేశమున, వర్కుషాపు కూతకు లేచి ఇనుప పనికి ఒక్కమారుగా దిగెను. చిన్న మార్పులు రాకపోలేదు; కాని బజారు బంగాళీయు, యార్డు హిందీయు పని పడినకొలది నాలుకకు వచ్చినవే గాని, బయలుదేరుటకు ముందు వల్లెవేసినవి కావు.

మన ఉపదేశకులు బొత్తిగా గమనింపని సంగతి మరియొకటి కలదు. పెద్దదానిని మార్చుకొన్న ఆ జనులే చిన్నవానిని మార్చుకొన నిరాకరించిరి: చద్దియన్నము, గుమ్మము ముందు ముగ్గు, ఇంట తెలుగు, ఏటేట మాతాపూజ. క్వార్టరు కంపెనీది, కాలము కంపెనీది. ముగ్గు మాత్రము తనది. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల మంత్రివర్గము అధికారభాషా ప్రతిపత్తి నీయ నంగీకరించినది, ఇట్లు మారక నిలిచిన ఆ తెలుగునకే. కదలనిదానిపై కాలూని కదలినవానితో, ముందుగా దానినే కదల్పుమనుట ఎట్టి వైద్యము?

1927లో ఖరగ్‌పూరు కార్మికులు సమ్మెకు దిగిన దినములలో భయము లేకపోలేదు. ఉద్యోగములు తీసివేయుదురను భీతియే ఆ యేటి కలహమునకు మూలములలో నొకటి. వి.వి. గిరి వంటి నాయకులు తోడు నిలిచిన యూనియనే దానికి ప్రతిక్రియ యయ్యెను. కారణముగల భయమునకు బలగము కావలెను, దినచర్య కాదు.

చిన్న సవరణల వలన ఫలమే లేదనుట నా వాదము కాదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు అణాల లెక్క మెల్లమెల్లగనే మానవలసివచ్చెను. అయినను అచ్చటను జనుల బెదరు ఉత్త బెదరు కాదు: అణాకు ఆరుంబావు నయాపైసలైనచో, ఆ పావు ఎవని సంచిలో పడునన్నది న్యాయమైన ప్రశ్న! పాత నాణెములను కూడ కొంతకాలము చెల్లనిచ్చుట చేతనే ఆ సంశయము సడలినది; అనగా సవరించుకొన్నది ప్రజలు మాత్రమే కాదు, ప్రభుత్వమును.

ఉద్యోగవిరమణానంతరము క్వార్టరు విడువవలసిన వృద్ధుడు కాలు సాగక నిలిచినచో, మార్పునకు వెరచుచున్నాడని మనము జాలిపడుదుము. అతడు వెరచునది బయటి అద్దెకు, రైల్వే ఆసుపత్రికి దూరమగుటకు, తెలుగు పలుకు ఇరుగుపొరుగు పోవుటకు. వీనిలో దేనిని అరగంట ముందు లేచుట తీర్చునో ఉపదేశకులు సెలవియ్యవలెను.