గడ్డిని గింజ పట్టనివ్వండి

ఆగస్టు 15 దగ్గర పడుతోందంటే చాలా బళ్ళలో ఆవరణంతా చెక్కి శుభ్రం చేస్తారు. తొలకరికి మొలిచిన గడ్డి సరిగ్గా అప్పుడే వెన్ను తీస్తూ ఉంటుంది. "పిచ్చిగడ్డి" అని దాన్ని పీకి పారేస్తాం. ఇది సరైన పని కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, వినండి.

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఏడాదికి కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లే. ఇంత కొద్ది తడితో బతకడానికి కొన్ని గడ్డిజాతులకు ఒక ఉపాయం ఉంది. వానకు మొలిచి, రెండు మూడు నెలల్లో గింజ రాల్చి, ఎండిపోతాయి. వేసవి అంతా ఆ గింజలు నేలలో నిద్రపోతాయి. వీటినే ఏకవార్షికాలు అంటారు. గింజ పట్టకముందే పీకితే వాటికి మరుసటి ఏడు లేదు.

పోతే పోనీ అంటారా? అండుకొర్ర కూడా ఇలాంటి గడ్డే. కడప జిల్లా హనుమంతరావుపేట వంటి నవీన శిలాయుగపు ఊళ్ళ తవ్వకాల్లో మాడిన అండుకొర్ర గింజలు దొరికాయి. వాటితోపాటు బట్టలకు అంటుకునే ఒక కొర్రజాతి గడ్డి గింజలూ ఉన్నాయి. అంటే, వేల ఏళ్ళ కిందట ఈ నేల మీద మనుషుల కడుపు నింపింది ఇలాంటి గడ్డే!

అందుకే మీ బడిలో నాలుగడుగుల చదరం ఒకటి గడ్డికి వదలమని మీ ఉపాధ్యాయులను అడగండి. గట్ల మీద పండిన వెన్నుల నుంచి గింజలు దులిపి, ఆరబెట్టి, వేసవి దాటాక చల్లండి. పైన పలుచగా మన్ను చాలు. ఎరువు వేయకండి, వేస్తే ఏపుగా పెరిగే ఇతర మొక్కలు గడ్డిని అణచేస్తాయి. వయ్యారిభామ కనిపిస్తే మాత్రం పూత రాకముందే పెద్దలచేత తీయించండి.

పాములొస్తాయని ఎవరైనా భయపడితే, ఆ మాట కొట్టివేయకండి. చదరాన్ని నడిచే దారికి దూరంగా ఎంచుకోండి, చుట్టూ శుభ్రంగా ఉంచండి.

వెన్ను పండాక ఒక పరీక్ష చేయండి. అడవి గడ్డి వెన్నును తాకితే గింజలు జలజలా రాలతాయి. పొలంలోని కొర్ర వెన్నును తాకితే అంత సులభంగా రాలవు. రాలని వెన్నులనే మన పూర్వులు తరతరాలుగా కోసి, దాచి, విత్తుతూ వచ్చారు. గడ్డి పంటగా మారిన కథ అదే.

ఈ పాఠం ఏ ప్రయోగశాలలోనూ కొనలేం. దానికి కావలసిందల్లా, పలుగూ పారా ఆ నాలుగడుగుల దగ్గర కొన్నాళ్ళు ఆగడమే.