మొండోడని రాసి పక్కన పెట్టకండి

నేత పనికి యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ ఇస్తే అందరం చప్పట్లు కొట్టాం. 1992 నుంచి ఏడేళ్లు ఆయన చెక్కలూ మోటార్లూ ముందేసుకుని కూర్చున్నప్పుడు మాత్రం విన్నవి ఎక్కువగా నిరుత్సాహపు మాటలే.

చీర నేయడానికి ముందు చేసే ఆసు పోయడం చూసినవాళ్లకు తెలుసు. అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ నూలు పట్టుకున్న చెయ్యి పోతూ వస్తూ ఉండాలి, ఒక్కో చీరకు దాదాపు 9,000 సార్లు. నాలుగైదు గంటల పని. ఆలేరు వైపు ఆ పని ఇంటి ఆడవాళ్లది, భుజం నొప్పీ వాళ్లదే. మల్లేశం గారి అమ్మ లక్ష్మి గారు ఇక నావల్ల కాదంటే కొడుకు తట్టుకోలేకపోయాడు. ఆయన చేసిన యంత్రం ఆ పనిని గంటన్నరలో తేల్చేస్తుంది. దానికి అమ్మ పేరే పెట్టుకున్నాడు.

ఎదుటివాళ్ల బాధ చూసి ఊరుకోలేకపోవడం, పట్టిన పని తేలేదాకా వదలకపోవడం. ఈ గుణాలకు మన పనిచోట్ల విలువేదీ? పని మీద లోపలినుంచి పుట్టే ఇష్టమే సృజనకు పెద్ద ఊతమని సృజన మీద పరిశోధించిన తెరెసా అమబిలే దశాబ్దాలుగా రాస్తున్నారు. మన పనితీరు రిపోర్టు ఫారాల్లో ఆ ఇష్టానికి ఒక్క గడి కూడా ఉండదు.

నేను పనిచేసిన ప్యాకింగ్ యూనిట్లో బెల్టు మలుపు దగ్గర అట్టపెట్టెలు అడ్డం తిరిగి ఇరుక్కునేవి. మాటిమాటికీ లైను ఆగేది. భోజనాల వేళ మేమంతా ఫోన్లు చూసుకుంటుంటే ఒక హెల్పర్ అక్కడే కూర్చునేవాడు, పెట్టె ఏ మూల ముందు తగులుతోందో చూస్తూ. మూడు వారాలయ్యాక పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి లోపలివైపు రెయిలింగుకు చుట్టాడు. రబ్బరు ఆ మూలను కాస్త పట్టి ఆపేది, పెట్టె మలుపుతోపాటే తిరిగేది.

ఆ ఏడాది అతని రిపోర్టులో ఏం రాశారో తెలుసా? నలుగురిలో కలవడు, మీటింగుల్లో నోరు విప్పడు, చెప్పిన పని వదిలి వేరేవాటిలో వేలు పెడతాడు. ఇంక్రిమెంటు ఆపేశారు. మీటింగుల్లో ఐడియాలు గడగడా చెప్పినాయన సూపర్‌వైజరయ్యాడు. ఆయన చెప్పినవాటిలో ఒక్కటీ లైను మీదికి రాలేదు. ఆ రోజు నేనూ మాట్లాడలేదు, ఆ బాధ నాకింకా ఉంది.

అయ్యా, పై కుర్చీల్లో ఉన్నవాళ్లను వేడుకుంటున్నాను. ఎవరైనా మౌనంగా ఒక మిషను దగ్గరే తచ్చాడుతుంటే తరిమేయకండి. పక్కన కూర్చుని, ఏం చూస్తున్నావు నాయనా అని అడగండి. ఒక గంట వదిలేయండి, తుక్కు సామానులోంచి కావలసింది తీసుకోనివ్వండి.

ఆ హెల్పర్ రెండేళ్లకు మానేసి వెళ్లిపోయాడు. ట్యూబు అరిగినప్పుడల్లా అదే చోట, అదే కొలతకు, కొత్త ముక్క చుడుతున్నారట.