"వదిలేసి వచ్చేయొచ్చుగా" అనే మేధావులకి...

పెర్ల్ జామ్ వాళ్ళ "బెటర్ మ్యాన్" మీలో చాలామంది వినే ఉంటారు. 1994లో వచ్చిన "వైటాలజీ" ఆల్బమ్ లోది. సింగిల్ గా విడుదల చెయ్యకపోయినా అమెరికా రాక్ రేడియో చార్టుల్లో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. మనవాళ్ళలో గిటార్ పట్టిన కుర్రాళ్ళు కొందరు దీన్ని వీకెండ్ పార్టీల్లో కళ్ళు మూసుకుని మరీ ప్రేమపాటలా పాడేస్తుంటారు.

బాబూ, అది ప్రేమపాట కాదు!

ఒకావిడ పొద్దుపోయేదాకా మేలుకుని అతని కోసం చూస్తుంటుంది. ఇక నావల్ల కాదని చెప్పెయ్యాలని మనసులో రిహార్సల్ వేసుకుంటుంది. తీరా తలుపు చప్పుడయ్యేసరికి నిద్ర నటిస్తుంది. అంతే కథ. ఎడ్డీ వెడ్డర్ దీన్ని శాన్ డియేగోలో కుర్రాడిగా ఉన్నప్పుడే, పెర్ల్ జామ్ పుట్టకముందే రాసుకున్నాడు. 1994లో ఒక కచేరీలో తన తల్లిని పెళ్ళాడిన మనిషికి ఈ పాటని "అంకితం" కూడా ఇచ్చాడు, తిట్టుతో సహా. పాటలో ఒక్క దెబ్బ కూడా వినపడదు. ఆవిడ ఎందుకు వెళ్ళలేకపోతోందో మాత్రం వినపడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఎక్కడైనా మొగుడు కొట్టాడని తెలిస్తే చాలు, మన ఐటీ జనాల నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న... "చదువుకున్నదేగా, వదిలేసి వచ్చేయొచ్చుగా?" ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రొడక్షన్ లో సర్వర్ పడిపోతే రూట్ కాజ్ కోసం తెల్లవార్లూ లాగ్ ఫైళ్ళు తవ్వుతామే, యూజర్ని పట్టుకుని "వేరే సైట్ కి పోవచ్చుగా" అంటామా? ఇక్కడ మాత్రం కొట్టేవాణ్ణి వదిలేసి, తిన్నదాన్ని విచారిస్తాం.

సరే, వచ్చెయ్యాలంటే ఏం కావాలో చూద్దాం. పెర్ల్ జామ్ సొంత ఊరు సియాటిల్ నే తీసుకోండి. చుట్టుపక్కల రెడ్మండ్, బెల్వ్యూలలో మనవాళ్ళకి కొదవలేదు. ఇక్కడ ఉద్యోగం మానేసి హెచ్-4 మీద అక్కడికి వెళ్ళిన అమ్మాయి వీసా మొగుడి హెచ్-1బికి తగిలించి ఉంటుంది. విడాకులైతే ఆ హోదా కూడా పోతుంది. 2015 దాకా హెచ్-4 వాళ్ళకి పనిచేసే అనుమతే లేదు. ఆ ఏడాది ఇచ్చినప్పుడు కూడా మొగుడి గ్రీన్ కార్డు ఫైలు ఒక దశ దాటినవాళ్ళకే ఇచ్చారు. హింసకి గురైన భార్యలకి విడిగా పని అనుమతి ఇవ్వాలని 2005లోనే చట్టం చేశారు, కానీ దానికి దరఖాస్తు ఫారం రావడానికి 2017 అయింది. పన్నెండేళ్ళు! బ్యాంకు ఖాతా, అద్దె ఒప్పందం, కారు అన్నీ ఆయన పేరు మీదే ఉంటే ఆవిడ బీటెక్ డిగ్రీ ఎవరికి చూపించాలి?

పోనీ పుట్టింటికి వస్తుందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొగుడు పెళ్ళాన్ని కొట్టడానికి ఏడు కారణాలిచ్చి, వీటిలో ఏదైనా సమంజసమేనా అని అడిగారు. వంట సరిగ్గా చెయ్యకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం లాంటివన్నమాట. ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఆడవాళ్ళలోనే దాదాపు 84 శాతం మంది ఏదో ఒకదానికి అవునన్నారు. అంటే తలుపు తీసే అమ్మ, అత్త, పక్కింటి పిన్నిగారు కూడా "సర్దుకుపో తల్లీ" అనేవాళ్ళే.

ఇక్కడ ఎవరో ఒకరు 498ఏ దుర్వినియోగం అంటూ లేస్తారని నాకు తెలుసు. దొంగ కేసులు అసలుండవని నేననను. దొంగ ఇన్సూరెన్స్ క్లెయిములు ఉన్నాయని ఆసుపత్రులు మూసేస్తామా?

చెయ్యగలిగింది లేదనకండి. మన దేశంలో 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, హింస జరుగుతోందని నమ్మే ఎవరైనా రక్షణాధికారికి చెప్పొచ్చు. సదుద్దేశంతో చెప్పినవాళ్ళ మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ బాధ్యతా పడదు. మహిళల హెల్ప్ లైన్ 181 ఉంది. అదే సియాటిల్ లో దక్షిణాసియా ఆడవాళ్ళు 1996లోనే ఛాయా అనే సంస్థ పెట్టుకున్నారు. 2011లో ఇంకో సంస్థతో కలిసి అది ఏపీఐ ఛాయా అయింది.

పక్క ఫ్లాట్ లో అరుపులు వినపడితే హెడ్ ఫోన్స్ తగిలించుకునే మనం, ఆవిడ ధైర్యం గురించి తీర్పులివ్వడం మానేస్తే మంచిది. నిజంగా ఏదైనా అడగాలనుంటే, "కారు తీసుకుని ఎన్నింటికి రమ్మంటావు?" అని అడగండి. చాలు.