ఖాలీ డిప్లొమాయేనా?



మొన్న ఒక రిష్తా మాటలకి నన్ను కూడా తీసుకెళ్ళారు. లడ్కా పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాడు. పరీక్ష రాసి రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. నెల తిరిగేసరికి జీతం, ఉండటానికి క్వార్టర్. నమాజీ పిల్లాడు, సిగరెట్ కూడా ముట్టడు. అన్నీ విన్నాక లడ్కీ వాళ్ళ ఖాలా చాయ్ కప్పు కింద పెట్టి ఒకే ఒక సవాల్ వేసింది.

"ఖాలీ డిప్లొమాయేనా?"

రిష్తా అక్కడే ఆగిపోయింది. నెల తిరక్కుండానే ఆ అమ్మాయికి ఇంకోచోట బాత్ పక్కీ అయింది. ఆ లడ్కా బీటెక్. బ్యాక్‌లాగులు ఇంకా క్లియర్ కాలేదు, ఉద్యోగం లేదు. "హైదరాబాద్‌లో ట్రై చేస్తున్నాడు" అని వాళ్ళ అబ్బా గర్వంగా చెప్పాడట. ట్రై చేస్తున్నవాడికి మనింట్లో పీట దొరికింది, పని చేస్తున్నవాడికి దొరకలేదు.

ఆ అమ్మాయి నసీబ్ బాగుండాలని దువా చేస్తున్నాను. నా గుస్సా ఆ ఖాలా మీద కూడా కాదు. ఆమె నోట వచ్చిన ఆ మాట మనందరి దిల్లో ఉన్నదే. డాక్టర్ అయితే కామ్‌యాబీ, బీటెక్ అయితే కామ్‌యాబీ, అమెరికా వెళ్తే మహా కామ్‌యాబీ. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి నిలబడ్డవాడిని "పాపం, చదువు అబ్బలేదు" అంటాం. రిజల్ట్స్ వచ్చాక ఫంక్షన్ హాళ్ళలో జల్సాలు పెట్టి టాపర్లకి శాలువాలు కప్పుతాం, మంచిదే. మరి ఐటీఐ ఫిట్టర్ చదివి రైలు ఇంజన్ ఎక్కిన పిల్లాడికి శాలువా కప్పడం మీలో ఎవరైనా చూశారా? నేను చూడలేదు.

అసలు ఈ రాస్తా ఎలా ఉంటుందో మన ఇళ్ళల్లో చాలామందికి తెలియదు. అందుకే సీదా చెప్తాను.

పదో తరగతి అయ్యాక పాలీసెట్ రాస్తే 3 ఏళ్ళ డిప్లొమా. అది పూర్తయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. అంటే డిప్లొమా పిల్లాడికి బీటెక్ తలుపు మూసుకుపోలేదు. ఇంటర్ రెండేళ్ళకి కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కి కట్టే లక్షలు మిగిలాయి, పైగా 3 ఏళ్ళు ల్యాబ్‌లో పనిముట్టు పట్టుకున్న చెయ్యి ఉంది. ఐటీఐ చేసినవాడు కూడా డిప్లొమా రెండో ఏడాదిలోకి వెళ్ళే దారి ఉంది. ఇది సీఢీ. ఒక్కో మెట్టు ఎక్కొచ్చు, మధ్యలో ఇంట్లో తక్లీఫ్ వస్తే ఏ మెట్టు మీదైనా ఆగి నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చు, మళ్ళీ ఎక్కొచ్చు. బీటెక్ సగంలో ఆపేసినవాడి చేతిలో ఏముంటుంది? ఫీజు రసీదులు.

ఉద్యోగాల సంగతి చూడండి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి కావలసింది పదో తరగతితో పాటు ఐటీఐ, లేదంటే ఇంజనీరింగ్ డిప్లొమా. అక్కడ మొదలుపెట్టినవాడు గూడ్స్ రైలు, ఆ తర్వాత ప్యాసింజర్, ఆఖరికి మెయిల్, ఎక్స్‌ప్రెస్ నడిపేదాకా వెళ్తాడు. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్ ఉద్యోగానికి ఐటీఐ ఎలక్ట్రికల్ పనికొస్తుంది. రైల్వేలో, కేంద్ర శాఖల్లో జూనియర్ ఇంజనీర్ పరీక్షకి డిప్లొమా చాలు. అమ్మాయిలకైతే ఇంటర్ సైన్స్ తర్వాత 2 ఏళ్ళ డీఫార్మసీ ఉంది. పాసై ఫార్మసిస్ట్‌గా రిజిస్టర్ అయితే సొంతంగా మెడికల్ షాపు పెట్టుకోవచ్చు. ఇవన్నీ హలాల్ రోజీ కాదా? ఇజ్జత్ లేని పనులా?

ఇంకో మాట కూడా బాహాటంగా చెప్పుకుందాం. పేరు చూసి మన పిల్లల దరఖాస్తు పక్కన పడేసేవాళ్ళు ప్రైవేటులో ఉన్నారని మనమే రోజూ షికాయత్ చేస్తాం. అలాంటప్పుడు రాత పరీక్ష మార్కులతో వచ్చే ఉద్యోగాల మీద మనకి ఇంకా ఎక్కువ ఆశ ఉండాలి కదా. ఆ పరీక్షలు రాయడానికి అర్హత ఇచ్చే చదువునే మనం హీనంగా చూస్తున్నాం.

ఇప్పుడు అమెరికా జపం చేసే భాయ్‌లకి ఒక మాట. అక్కడ కమ్యూనిటీ కాలేజీలు అని ఉంటాయి. వాటిలో అందరికన్నా పాతదని చెప్పే జోలియట్ జూనియర్ కాలేజీ ఇల్లినాయ్ రాష్ట్రంలో 1901లో మొదలైంది. ఫీజు తక్కువ. ఇంటికి దగ్గర. రెండేళ్ళు చదివితే అసోసియేట్ డిగ్రీ, ఇష్టమైతే ఆ తర్వాత పెద్ద యూనివర్సిటీకి మారొచ్చు. మన డిప్లొమా, ఈసెట్ సీఢీ లాంటిదే. ఆ దేశపు దవాఖానాల్లో పనిచేసే ఎంతోమంది నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు ఈ కాలేజీల్లోంచి వచ్చినవాళ్ళే.

ఐలీన్ కాలిన్స్ పేరు విన్నారా? గరీబ్ ఇంటి పిల్ల. న్యూయార్క్ రాష్ట్రంలో కార్నింగ్ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి, తర్వాత సిరక్యూస్ యూనివర్సిటీకి వెళ్ళింది. 1999లో స్పేస్ షటిల్‌కి కమాండర్ అయిన మొదటి ఔరత్ ఆమె. మనిషి జన్యువుల పటం గీసినవాళ్ళలో పెద్ద పేరైన క్రెయిగ్ వెంటర్, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి చేరింది శాన్ మాటియో కమ్యూనిటీ కాలేజీలో. సినిమా యాక్టర్ టామ్ హ్యాంక్స్ చదివింది చాబోట్ కాలేజీ. జిల్ బైడెన్ ప్రెసిడెంట్ భార్యగా వైట్‌హౌస్‌లో ఉంటూనే వర్జీనియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెప్పింది. అక్కడ దేశం పెద్దింటి ఆవిడకి ఆ కాలేజీలో నిలబడటం నామోషీ అనిపించలేదు. ఇక్కడ మనకి మన పిల్లాడు పాలిటెక్నిక్‌లో ఉన్నాడని చుట్టాలకి చెప్పడం నామోషీ.

ఇన్సాఫ్‌గా రెండో వైపు కూడా చెప్పాలి. ఆ కాలేజీల్లో చేరి మధ్యలో వదిలేసేవాళ్ళు కూడా చాలామంది. పేర్లు పైకి వచ్చేది పూర్తి చేసినవాళ్ళవి. మన దగ్గరా అంతే. ల్యాబ్‌లో మెషీన్ తుప్పు పట్టి, చెప్పే సారు లేక, కాగితం మీద మాత్రమే నడిచే ఐటీఐలు ఉన్నాయి. అలాంటిచోట పిల్లాణ్ణి వేసి డిప్లొమా దండగ అంటే ఎలా? మేకని కొనేటప్పుడు పళ్ళు పట్టి చూస్తాం కదా. కాలేజీలో చేర్చేముందు వర్క్‌షాపులోకి వెళ్ళి మెషీన్ ఆన్ చేయించి చూడండి. పోయినేడు పాసైనవాళ్ళు ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి.

ఇక అసలు ఏత్‌రాజ్‌కి వస్తాను. ఇది నాతో చదువుకున్న దోస్తే అన్నాడు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. "మనల్ని ఇప్పటికే పంచర్‌వాలాలని ఎగతాళి చేస్తున్నారు. మెకానిక్‌లు, వెల్డర్లు, ఏసీ రిపేర్లు అంతా మనవాళ్ళే. నువ్వు కూడా ఐటీఐకి పొమ్మంటే మన బచ్చాలు ఎప్పటికి పైకి వస్తారు?"

మాటలో దర్ద్ ఉంది, కాదనను. కానీ హిసాబ్ తప్పింది. సచార్ కమిటీ రిపోర్టు 2006లో వచ్చింది. 20 ఏళ్ళు దాటిన దేశ జనాభాలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉన్నవాళ్ళు 7 శాతం దాకా ఉంటే, ముస్లింలలో 4 శాతం కూడా లేరని అందులో రాశారు. గౌర్ కరో భాయ్, ఆ లెక్కలో డిప్లొమా కూడా కలిపే ఉంది. అంటే మన బచ్చాలు డిప్లొమాతో సరిపెట్టుకోవడం వల్ల వెనకబడలేదు. డిప్లొమా దాకా కూడా రాకుండా ఆగిపోయారు. షెడ్డులో పన్నెండేళ్ళ వయసులో స్పానర్ పట్టినవాడు నలభై ఏళ్ళకీ అదే స్పానర్ పట్టుకుని ఉన్నాడంటే, హునర్ తక్కువై కాదు. చేతిలో సనద్ లేదు. పదో తరగతి లేదు కాబట్టి ఐటీఐ లేదు, ఐటీఐ లేదు కాబట్టి రైల్వే పరీక్ష లేదు. సౌదీ వెళ్ళినా హెల్పర్‌గానే వెళ్తాడు. సర్టిఫికెట్ ఉన్నవాడు వీడి పని చూసి నేర్చుకుని వీడి మీదే ఫోర్‌మన్ అవుతాడు.

పంచర్‌వాలా అనే గాలికి జవాబు పంచర్ పని వదిలి పారిపోవడం కాదు. ఆ షెడ్డు ఉస్తాద్ కొడుకు ఆటోమొబైల్ డిప్లొమా పట్టుకుని సర్వీస్ సెంటర్‌లో మేనేజర్ కుర్చీలో కూర్చోవడం.

చేతిపనిని చిన్నచూపు చూడటం మన దీన్‌లో ఎక్కడిది? దావూద్ అలైహిస్సలామ్ బాద్‌షా, పైగంబర్. ఇనుముతో కవచాలు చేసేవారు, తన చేతి కష్టంతోనే తినేవారు. నూహ్ అలైహిస్సలామ్ కష్తీ కట్టారు. జకరియ్యా అలైహిస్సలామ్ వడ్రంగి. జుమా ఖుత్బాలో ఇవి వింటాం, తలలు ఊపుతాం. సాయంత్రం రిష్తా మాటల్లో ఐటీఐ వెల్డర్ అనగానే ముఖం తిప్పుకుంటాం. ఆ ముఖం తిప్పుకోవడం దీన్‌లోంచి రాలేదు, దిఖావాలోంచి వచ్చింది.

మనకి ఉన్న సహూలతులైనా వాడుకుంటున్నామా? 2007 చట్టంతో బీసీ-ఈ జాబితాలోని ముస్లింలకి 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. అది బీటెక్, ఎంబీబీఎస్ సీట్లకే అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. పాలిటెక్నిక్ సీట్లకీ ఉంది. ఉర్దూ మీడియంలో చదివిన పిల్లలకి మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ వాళ్ళ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, హైదరాబాద్‌లో ఒకటి, కడపలో ఒకటి. కౌన్సెలింగ్ రోజు దాకా క్యాస్ట్ సర్టిఫికెట్ చేయించకుండా కూర్చుని, సీటు పోయాక హుకూమత్‌ని తిట్టడం మనకి ఆదత్ అయిపోయింది.

నేను పెద్ద పెద్ద పనులేమీ అడగడం లేదు. మస్జిద్ కమిటీ పెద్దలారా, చందా లెక్కలు అతికించే బోర్డు మీద పాలీసెట్, ఐటీఐ అడ్మిషన్ల తారీఖులు కూడా అతికించండి. షెడ్డు నడిపే ఉస్తాద్ భాయ్‌లారా, మీ దగ్గరున్న బచ్చాతో ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టించండి, పరీక్షలప్పుడు సెలవివ్వండి. వాడు వెళ్ళిపోతాడని భయపడకండి, వాడి దువా మీకు ఉంటుంది. శాలువాలు కప్పే సంఘాల వాళ్ళు వచ్చే జల్సాలో ఒక లోకో పైలట్‌ని, ఒక లైన్‌మన్‌ని, ఒక ఫార్మసిస్ట్ బేటీని స్టేజీ మీదికి పిలవండి. కింద కూర్చున్న బచ్చాలకి ఆ ముఖాలు కూడా కనపడనీయండి.

అమ్మీలకి, ఖాలాలకి, ఫుప్పూలకి ఒక్క గుజారిష్. రిష్తా మాటల్లో లడ్కా ఏం చదివాడని అడగండి, తప్పు లేదు. దాంతోపాటు ఏం పని చేస్తున్నాడు, కర్జ్ ఎంత ఉంది, జహేజ్ అడుగుతున్నాడా అని కూడా అడగండి. ఈ నాలుగు జవాబులు పక్కపక్కన పెట్టుకుని చూడండి. బీటెక్ ఫీజు కోసం అమ్మిన ఇంటి జాగాని వచ్చే కోడలి జహేజ్‌తో తిరిగి కొనుక్కోవాలని చూసే ఖాందాన్‌లు నాకు తెలుసు. మీకూ తెలుసు.

ఆ రైల్వే లడ్కాకి ఇంకా నికాహ్ కుదరలేదు. డ్యూటీ అయ్యాక ఈసెట్ పుస్తకాలు ముందేసుకుంటున్నాడని వాళ్ళ అబ్బా చెప్పాడు. బీటెక్ మీద షౌక్ పుట్టిందా అని అడిగాను. "లేదు భాయ్, షాదీ కోసం" అన్నాడు. నాకు సిగ్గేసింది.

మీ ఇంట్లో ఈ ఏడు పదో తరగతి పిల్లలుంటే, రిజల్ట్ వచ్చేలోపు ఒకసారి కూర్చోబెట్టి ఈ రాస్తా గురించి మాట్లాడండి. వాడికి ఇష్టమైతే "ఖాలీ" అనే మాట తీసేసి పంపండి.

వస్సలామ్.